ఠేకేదార్‌కి పని అప్పజెప్పే ముందు: గుత్త, మక్తా, మేస్త్రీల తారీఖ్



మా పెనుబల్లి వైపు ఎవరైనా గోడ లేపుతుంటే దారిన పోయేవాళ్లు ముందు అడిగే సవాల్ ఒకటే: "గుత్తకిచ్చినవా, కూలికి చేపిస్తున్నవా?" ఏ సిమెంటు, ఏ స్టీలు అన్న ముచ్చట తర్వాత. ముందు ఈ సవాల్. ఎందుకంటే జవాబును బట్టి ఇంటి యజమాని ఎంత నిద్రపోతాడో, ఎంత మేల్కొంటాడో తేలిపోతుంది. ఈ సవాల్ నిన్నటిది కాదు. మన దక్కన్‌లో మసీదులు, గుళ్లు, కాలువలు, రైలు కట్టలు, కచేరీలు కట్టిన ప్రతి జమానాలోనూ ఎవరో ఒకరు దీన్ని అడిగారు. ఆ జవాబుల తారీఖే ఈ వ్యాసం.

దీన్ని రాయడానికి ఓ కారణం ఉంది. మా ఖాలా కొడుకు పధ్నాలుగేళ్లు సౌదీలో ఉండి వచ్చాడు. ఖమ్మం, సత్తుపల్లి సడక్ మీద ఉన్న చిన్న జాగాలో కింద మూడు షటర్లు, పైన ఒక హాలు కట్టాలని ఇరాదా. పెట్టేది అతని పధ్నాలుగేళ్ల పసీనా, పైన మా ఖాలా జేవర్లు. పనికి ఒప్పుకున్న ఆయన ఒక అరఠావు కాగితం ఇచ్చాడు. దానిమీద ఒక మొత్తం, కింద "టోటల్ పని" అన్న రెండు మాటలు. "భాయ్, నువ్వు పాత కాగితాలు చదువుతవు గదా, ఇది గూడ చూడు" అన్నాడు. నేను ఇంజనీర్‌ని కాను, వకీల్‌ని కాను. కానీ ఆ రెండు మాటల వెనక ఎంత చరిత్ర దాక్కుందో తెలుసు గనక అతనికి చెప్పాను. అదే ఇప్పుడు మీకు చెప్తున్నా.

మాటల్లోనే ఉంది సగం తారీఖ్

గుత్త మన తెలుగు మాట. విడివిడిగా లెక్క లేకుండా మొత్తానికి ఒక ధర. దానికి ఫార్సీ "దార్" అతికితే గుత్తేదారు అయ్యాడు. మక్తా అరబీ నుంచి వచ్చింది. దాని మూలం "ఖతా", అంటే కోయడం, తెంపడం. ధర తెగ్గొట్టి చెప్పడం అని మనం తెలుగులో అంటామే, సరిగ్గా అదే ఖయాల్. ఒక ఊరి శిస్తును ఇంత అని తెంపి ఒకరికి రాసిస్తే అది మక్తా. హైదరాబాద్‌లో మక్తా పేరుతో ఇప్పటికీ మొహల్లాలున్నాయి. ఇజారా అంటే కిరాయికివ్వడం. కౌలు అంటే ఖౌల్, అంటే ఇచ్చిన మాట. ఈరోజు పొలం కౌలుకిచ్చే రైతుకి తన నోట్లో ఉన్నది అరబీ మాట అని తట్టదు.

మేస్త్రీ పోర్చుగీసు "మెస్త్రె" నుంచి వచ్చి ఉర్దూలో మిస్త్రీ, తెలుగులో మేస్త్రీ అయ్యాడు. గచ్చు ఫార్సీ గచ్. బయానా, పేష్గీ, జమానత్, హాజరీ, మరమ్మత్... పని చేయించుకోవడానికి కావాల్సిన లఫ్జులన్నీ మన దగ్గర శతాబ్దాలుగా ఉన్నాయి. కానీ ఒక మనిషికి మాత్రం పాత మాట దొరకదు. వడ్రంగం, తాపీ, కమ్మరం, సున్నం, రాయి, అన్నీ తన కిందే పెట్టుకుని, మొత్తం ఇమారత్ కట్టి తాళంచెవి చేతికిచ్చే మనిషి. ఇప్పుడు జనరల్ కంట్రాక్టర్ అంటున్నామే, ఆయన. మాట లేదంటే అప్పట్లో ఆ మనిషే లేడు. మరి ఇమారత్‌లు ఎలా లేచాయి?

ఖజానా, దారోగా, కార్ఖానా

మక్కా మసీద్ సంగతి చూడండి. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా హయాంలో 1617లో పని మొదలైంది. పూర్తయింది 1694లో, అప్పటికి కుతుబ్ షాహీ సల్తనతే లేదు. ఔరంగజేబ్ ముగింపు చేయించాడు. 77 ఏళ్లు. ఎనిమిది వేలమంది పనిచేశారని చెప్తారు. ఆ పనిమీద నిగ్రానీ చేసిన ఇద్దరి పేర్లు చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తాయి: దారోగా మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి. మసీదు పనికి ఒక ముస్లిం దారోగా, పక్కన ఒక హిందూ చౌదరి. ఇది చెప్పినప్పుడు కొందరు గంగా జమునీ తెహజీబ్ అని తృప్తిపడి ముందుకెళ్లిపోతారు. నాకు అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. వీళ్లు గుత్తకు తీసుకున్నవాళ్లు కారు. డబ్బు ఖజానాది, రాయి సర్కారుది, వీళ్ల పని చూసుకోవడం. మిగిలితే వీళ్లకు లాభం లేదు, ఎక్కువైతే నష్టం లేదు. అందుకే రాయి నాసిరకం వేయాలన్న లాలచ్ ఉండదు. అందుకే తొందరా ఉండదు. నాణ్యత దొరికింది, వక్త్ పోయింది. కూలికి చేయించడంలో ఉన్న మంచీ చెడూ రెండూ ఆ 77 ఏళ్లలో ఉన్నాయి.

సుల్తాన్‌కి 77 ఏళ్లు సరే. అప్పు తెచ్చి షటర్లు వేసేవాడికి ఏడు నెలలు ఎక్కువైతే కిరాయి రాదు, కిస్తీ ఆగదు.

మా అడవి అంచున అందరికీ తెలిసిన ఇంకో కట్టడం భద్రాచలం రామాలయం. కంచర్ల గోపన్న తానీషా కాలంలో తహసీల్దార్. మేనమామలు అక్కన్న, మాదన్న దర్బారులో పెద్ద ఓహ్దాల్లో ఉన్నారు. గోపన్న వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు, గోల్కొండలో ఖైదయ్యాడు. ఆ కథ భక్తిగా చెప్పుకునేవాళ్ల మనసు నొప్పించకుండానే ఒక మాట అనొచ్చు. పని గొప్పది, నియ్యత్ మంచిది, లేనిది ఒక్కటే: మంజూరీ. ఎవరి సొమ్ము, ఎవరి ఇజాజత్, ఎంతవరకు, అన్నది ముందు రాసుకోలేదు. మంచి నియ్యత్ ఉన్న ఇద్దరి మధ్య కూడా కాగితం లేకపోతే ఒకరు ఖైదులో, ఒకరు బద్‌నామ్‌లో పడతారు. తర్వాత అదే గుడికి సర్కారు నుంచి ముత్యాల తలంబ్రాలు పంపే రివాజ్ తానీషా పేరుతోనే ఇప్పటికీ నడుస్తున్నది. తగాదా మనుషులది కాదు, హిసాబ్‌ది.

మక్తా ఎందుకు బద్‌నామ్ అయింది

ఇక రెండో దారి, మొత్తానికి తెగ్గొట్టి ఇచ్చేయడం. నిజాం రాజ్యంలో ఇది ముందు ఇమారత్‌లలో కాదు, శిస్తు వసూళ్లలో బలిసింది. 19వ సదీ మొదటి సగంలో, చందూలాల్ పెత్తనం నడిచిన రోజుల్లో, తాలూకాలకు తాలూకాలు ఇజారాకు పోయాయి. సాహుకార్లు, అరబ్ జమాదార్లు సర్కారుకు ముందే డబ్బు కట్టి వసూలు హక్కు తీసుకునేవాళ్లు. సర్కారుకు హాయి, ఒకేసారి రఖం చేతికొచ్చింది. కానీ ఇజారాదారు కట్టినదానికి మించి రాబట్టాలి. ఎక్కడ నుంచి? రైతు వీపు మీద నుంచి. చెరువు కట్ట తెగినా వాడికి పట్టదు, వచ్చే ఏడు ఆ ఇజారా వాడిదవునో కాదో తెలియదు గనక. 1853లో దీవాన్ అయిన సాలార్ జంగ్ ఈ పద్ధతిని తీసేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను పెట్టాడు. 1865లో జిలాబందీ చేసి జిల్లాలు ఏర్పరిచాడు.

దుకాణం కట్టేవాడికి దీంతో ఏం పని అంటారా? ఉంది. పర్యవేక్షణ లేని గుత్త ఎప్పుడూ ఇజారాలాగే నడుస్తుంది. ధర ముందే తెగింది. ఇక గుత్తేదారు లాభం పెరగాలంటే ఖర్చు తగ్గాలి. కనిపించేచోట తగ్గించలేడు, కనిపించనిచోట తగ్గిస్తాడు: పునాది లోతులో, కడ్డీల మధ్య దూరంలో, క్యూరింగ్ రోజుల్లో. ఆయన చెడ్డవాడని కాదు. ఆ పద్ధతే ఆయన్ని అటు నెడుతుంది. సాలార్ జంగ్ ఇజారాదార్లకు నసీహత్ చెప్పలేదు, పద్ధతి మార్చాడు.

లండన్ నుంచి భోర్ ఘాట్ దాకా

అన్ని పనులూ ఒకే చేతి కింద పెట్టే మనిషి ఎక్కడ పుట్టాడంటే చాలామంది లండన్ వైపు, థామస్ క్యూబిట్ అనే వడ్రంగి వైపు చూపిస్తారు. 1815లో ఆయన ఒక పెద్ద ఇమారత్ పని ఒప్పుకున్నాడు. గడువుకి ఇచ్చి తీరాలి. తాపీవాళ్లు, కమ్మర్లు, రంగులవాళ్లు ఎవరి టైంకి వాళ్లు వస్తుంటే పని నడవదని, అందర్నీ జీతాల మీద పెట్టుకుని సొంత కార్ఖానా తెరిచాడు. అంటే ఈ పేషా పుట్టింది లాభం కోసమే కాదు, గడువు కోసం కూడా. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఠేకేదార్‌కి మనం ఇచ్చే ఎక్కువ డబ్బు దేనికంటే, పదిమంది పనివాళ్ల రోజుల్ని ఒకదానికొకటి అతికించి నడిపినందుకు.

మన ముల్క్‌కి ఈ పద్ధతి రైలుతో పాటు పెద్దఎత్తున వచ్చింది. బొంబాయి నుంచి పూనా వైపు సహ్యాద్రి ఎక్కే భోర్ ఘాట్ పని 1856లో మొదలైంది. ఠేకేదార్ పేరు ఫేవియెల్. 25 సొరంగాలు, 37 అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కే కట్ట. ఆయన కింద సబ్ ఠేకేదార్లు, వాళ్ల కింద ముకద్దమ్‌లు, వాళ్ల కింద కూలీలు. పైనుంచి వచ్చిన రూపాయి కిందికి చేరేసరికి ఆలస్యమయ్యేది, అరిగేది. కూలీ బకాయిలతో కడుపు మండిన మజ్దూర్లు 1859 మొదట్లో తిరగబడ్డారు. కొద్ది నెలల్లోనే ఫేవియెల్ ఠేకా వదులుకున్నాడు.

ఆ ఏడాది చివర్లో సోలోమన్ ట్రెడ్వెల్ అనే ఇంకో ఠేకేదార్ ఇంగ్లండ్ నుంచి వచ్చాడు. వచ్చిన కొన్ని వారాలకే జబ్బుతో ఇంతెఖాల్ అయ్యాడు. అప్పుడు ఆయన బీవీ ఆలిస్ ట్రెడ్వెల్ ఆ ఠేకాను తన పేరుమీద నడిపించింది. ఇద్దరు అనుభవం ఉన్న ఇంజనీర్లను మేనేజర్లుగా పెట్టుకుంది. ఒక దశలో అక్కడ 42 వేలమంది పనిచేశారు. 1863లో పని పూర్తయింది. మన ఇళ్లల్లో "ఆడవాళ్లకు ఠేకా ముచ్చట్లెందుకు" అనేవాళ్లకు ఈ కథ చెప్పండి. అలాగే ఇంకో సబక్: ఠేకేదార్ కూడా ఇన్సానే. ఆయనకు ఏమైనా అయితే పని ఎవరి బాధ్యత అన్నది ముందే అనుకోవాలి.

ఆ దక్కన్ రైలు కట్టల మీద, చెరువు కట్టల మీద మట్టి మోసినవాళ్లలో మన వడ్డెర సోదరులున్నారు. కుటుంబాలకు కుటుంబాలు గుడిసెలతో సహా పని వెంట తరలిపోయేవి. వాళ్లకు రోజు కూలీ కాదు, మట్టి గుంట కొలిచి డబ్బు. కొలత తక్కువ చూపిస్తే ఆ కుటుంబం పస్తు. కొలిచే చేయి ఎవరిదన్నది అప్పుడూ ఇప్పుడూ పెద్ద సవాలే.

ధవళేశ్వరంలో మూడో దారి

మా పెనుబల్లి నుంచి తూర్పుకి పోతే గోదావరి. అక్కడ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు భాగాలు. ఇది ఒకరికి మొత్తంగా గుత్తకిచ్చిన పని కాదు. సర్కారే కూలీల్ని పెట్టుకుని, సర్కారు ఇంజనీర్లే దగ్గరుండి చేయించిన పని. వేలమందిని పోగుచేయడం, నిలబెట్టడం, వాళ్ల భాషలో వాళ్లతో మాట్లాడటం కాటన్ ఒక్కడి వల్ల కాదు. ఆ బరువు మోసినవాడు వీణెం వీరన్న. తెలుగువాడు. ఆయన లేకుంటే ఆ పని అయ్యేది కాదని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సబక్ ఏంటంటే, కూలికి చేయించాలంటే ఒక వీరన్న కావాలి. ఉదయం ఆరింటికి సైటు మీద ఉండాలి, ఎవరొచ్చారో ఎవరు రాలేదో తెలియాలి, ఇసుక లారీ దిగేటప్పుడు కొలవాలి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే కూలికి చేయించుకోండి, నాణ్యత మీ చేతిలో ఉంటుంది. మనిషి దుబాయ్‌లోనో సౌదీలోనో ఉండి, ఫోన్లో వీడియో చూసి కూలికి చేయిస్తానంటే అది వీరన్న లేని ధవళేశ్వరం.

తామీరాత్, హాలీ సిక్కా, సరిహద్దు

హైదరాబాద్ రియాసత్‌లో సర్కారీ కట్టడాల శాఖ పేరు తామీరాత్. ఎంత అందమైన పేరు! మద్రాసు వైపు చెరువుల బాగు చూసే శాఖను మరమ్మత్ అనేవాళ్లు. అక్కడ బాగుచేయడం, ఇక్కడ కట్టడం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద షహర్‌ను ముంచిన తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, ఉర్దూలో ఆరాయిష్ బల్దా. పత్థర్‌గట్టీలో రాతి కమానుల కింద వరసగా దుకాణాలు చూశారుగా, అవి ఆ బోర్డు చేతి పని. కింద దుకాణం, పైన గదులు. మా ఖాలా కొడుకు కట్టాలనుకునే మూడు షటర్లకు అవి పెద్దన్నలు.

ఆ రోజుల్లో లేచిన హైకోర్టు ఇమారత్‌లో ఎవరి పని ఏదో స్పష్టంగా కనిపిస్తుంది. విన్సెంట్ ఎష్ ఆర్కిటెక్ట్. నక్షా గీసిన శంకర్‌లాల్ జైపూర్ వాడు. దగ్గరుండి కట్టించిన ఇంజనీర్ మెహర్ అలీ ఫాజిల్. నక్షా ఒకరిది, నిగ్రానీ ఒకరిది, రాయి చెక్కిన చేతులు ఇంకొకరివి. మా ఖమ్మం వైపు వైరా, పాలేరు ప్రాజెక్టుల పేరెత్తితే నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు రాక మానదు. ఈ కాలంలోనే అంచనా, కొలతల పుస్తకం, హాజరీ పట్టీ, దశలవారీ బిల్లు, జమానత్ సొమ్ము, ఇవన్నీ కలిసి ఒక జాబ్తాగా స్థిరపడ్డాయి. ఇజారా రోజుల్లో లేనిది ఇదే: ఠేకేదార్ చేసిన పనిని ఠేకేదార్ కాని మనిషి కొలవడం.

మా సరిహద్దు వాళ్లకు ఇంకో తలనొప్పి ఉండేది. పెనుబల్లి నిజాం ఇలాకా. అటు తిరువూరు వైపు కంపెనీ, తర్వాత అంగ్రేజ్ ఇలాకా. భద్రాచలం 1860లో అంగ్రేజ్‌ల చేతికి పోయి, 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండి అప్పుడు ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. నిజాం వైపు రూపాయి హాలీ సిక్కా, అటు కల్దార్. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. అటు నుంచి సామాను తెస్తే కరోడ్‌గిరీ నాకా దగ్గర సుంకం. అంటే "నూరు రూపాయలకు పని" అని రాసుకుంటే చాలదు, ఏ రూపాయి అని కూడా రాయాలి. సుంకం ఎవరు కట్టాలో రాయాలి. ఇప్పుడు ఒకటే రూపాయి, నాకా లేదు. కానీ జీఎస్టీ ఉంది. ధర జీఎస్టీతో కలిపా, విడిగానా? రాయకపోతే అదే పాత తగాదా కొత్త బట్టల్లో వస్తుంది.

ఖానూన్ ఏమంది, ఫిఖ్ ఏమంది

ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 1872 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది, అంగ్రేజ్ ఇలాకాలో. మన రియాసత్ ఇండియాలో కలిశాక 1951లో అది మనకూ వర్తించింది. అందులో సెక్షన్ 74 గడువు దాటితే జుర్మానా గురించి ముఖ్యమైనది. కాగితంలో రోజుకి ఇంత అని రాసుకోవచ్చు. కోర్టు మాత్రం ఆ మొత్తానికి లోబడి న్యాయమైనంతే ఇప్పిస్తుంది. కాబట్టి భయపెట్టడానికి పెద్ద అంకె రాయడం వ్యర్థం. రోజుకి పోయే కిరాయి ఎంతో అంత రాసుకుంటే నిలబడుతుంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1869 నుంచి 1876 మధ్య, ఉస్మానీ సల్తనత్‌లో హనఫీ ఫిఖ్‌ను దఫాలుగా పేర్చి మజల్లా తయారుచేశారు. అందులో ఇస్తిస్నా అనే బాబ్ ఉంది. ఇంకా తయారు కాని వస్తువును, దాని సిఫత్ అంతా ముందే చెప్పి, తయారుచేసి ఇమ్మని ఒప్పుకోవడం. ఇమారత్ కట్టించుకోవడానికి మన ఉలమా ఇప్పుడు చూపించేది ఈ దారినే. మజల్లా చెప్పిన రెండు సంగతులు పెనుబల్లి మేస్త్రీకి కూడా సరిపోతాయి. ఒప్పందం కుదిరాక ఇద్దరిలో ఎవరూ వెనక్కి పోకూడదు. చెప్పిన సిఫత్ ప్రకారం లేకపోతే చేయించుకున్నవాడికి తీసుకోకుండా ఉండే ఇఖ్తియార్ ఉంది. అంటే మొత్తం బరువు "సిఫత్" మీద పడింది. రాసుకున్న సిఫతే లేకపోతే ఇఖ్తియార్ ఎక్కడిది? "టోటల్ పని" అన్నది సిఫత్ కాదు.

రాసుకోవడం అంటే నమ్మకం లేదని కొందరు బాధపడతారు. "మనం మనం, కాగితమెందుకు" అంటారు. సూరె బఖరాలో 282వ ఆయత్, కురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, బాకీలు రాసుకోవడం గురించీ, గవాహీల గురించీ. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దనే అందులో తాకీదు. రాసేది దుష్మన్‌తో కాదు, మనవాళ్లతోనే. రిష్తా తెగకుండా ఉండటానికే.

మరి కాగితంలో ఏముండాలి

ఈ తారీఖ్ అంతా పిండితే వచ్చేది ఇది. మా ఖాలా కొడుకుతో కూర్చుని మేం రాయించుకున్నదీ ఇదే.

ముందు నక్షా. ఠేకేదార్‌తో సంబంధం లేని ఇంజనీర్ గీసినది, పిల్లర్ల కొలతలు, కడ్డీల సంఖ్యతో సహా. మట్టి చూడకుండా పునాది లోతు రాయొద్దు. నల్లరేగడి ఒకలా, ఎర్ర చెలక ఒకలా ప్రవర్తిస్తాయి. ఇంజనీర్ మెహర్ అలీ ఫాజిల్ అంతటివాడు కానక్కర్లేదు, ఠేకేదార్ బామ్మర్ది కాకపోతే చాలు.

రెండోది, గుత్తలో ఏముంది, ఏం లేదు. సిమెంటు, స్టీలు, ఇసుక, కంకర ఎవరివి? సెంట్రింగ్, మట్టి నింపడం, బోరు నీళ్లు, కరెంటు బిల్లు, షటర్లు, మెట్ల రెయిలింగ్, సెప్టిక్ ట్యాంక్, పైపులు, ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయాలి. రాయని ప్రతిదీ రేపు "అది ఎక్స్‌ట్రా అన్నా" అవుతుంది. నిజంగా ఎక్స్‌ట్రా వస్తే, పని చేసేముందే ధర రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

మూడోది, డబ్బు. పేష్గీ చిన్నది. మిగతాది దశలవారీగా: పునాది, ప్లింత్ బీమ్, పిల్లర్లు, స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్. కొలిచాకే చెల్లింపు. పని కంటే డబ్బు ముందు పరిగెత్తకూడదు, పనికి డబ్బు మరీ వెనకా పడకూడదు. ఉదాహరణకు 30 లక్షల పని అనుకుందాం. 5 శాతం, అంటే లక్షన్నర, ఒక వానాకాలం గడిచేదాకా జమానత్‌గా ఆపుకోవాలి. స్లాబ్ కారితే బాగుచేసి తీసుకుంటాడు. ఆపుకున్నది ఆయన హక్కే, మన ఖైరాత్ కాదు. తారీఖు రాగానే ఇచ్చేయాలి.

నాలుగోది, గడువు, ఆలస్యమైతే ఎంత, మన వల్ల ఆలస్యమైతే ఎంత గడువు పెంచాలి. ఠేకేదార్ జబ్బుపడితే, ఇంకేమైనా అయితే, అప్పటిదాకా చేసిన పని కొలిచి లెక్క ఎవరు తేలుస్తారు. ఆలిస్ ట్రెడ్వెల్ లాంటి బీవీ అందరికీ ఉండదు.

ఐదోది, సర్కారీ సంగతులు. పంచాయతీ మంజూరీ లేకుండా పార పెట్టొద్దు, మంజూరీ లేని మంచి పని సంగతి భద్రాచలం చెప్పింది. కమర్షియల్ కట్టడానికి నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం సెస్సు ఉంది. 1996 చట్టంతో మొదలైన ఆ సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి పోయే సొమ్ము. దాన్ని లంచంలా చూడొద్దు. మన గోడ మీద నిలబడ్డ మనిషి కాలు జారితే అతని ఇంటికి చేరాల్సిన పైసలు అవి.

అసలు జమానత్

ఇదంతా యజమాని వైపు నుంచి చెప్పాను. కానీ భోర్ ఘాట్ కథలో ఓడిపోయింది రైలు కంపెనీ కాదు, దానికి చివరికి రైలు దారి దొరికింది. నలిగింది కింద మట్టి మోసినవాళ్లు. మన కాగితంలో కూడా సంతకాలు ఇద్దరివే: మనదీ, ఠేకేదార్‌దీ. మేస్త్రీ పేరు లేదు. ఇటుకలు మోసే అక్క పేరు లేదు. దూరం నుంచి వచ్చి సైటు మీదే వండుకుని పడుకునే పిల్లగాడి పేరు లేదు. ఠేకేదార్ కూలీ ఎగ్గొడితే పని చేయించుకున్నవాడు ఇవ్వాలన్న ఉసూల్ 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే రాశారు. చెమట ఆరకముందే మజ్దూర్ హక్కు ఇచ్చేయాలన్న తాకీదు అంతకు ఎన్నో సదీల ముందే మనకు హదీస్‌లో వచ్చింది. "నేను ఠేకేదార్‌కి ఇచ్చేశా, నాకు సంబంధం లేదు" అనే జవాబు ఈ రెండింటి ముందూ నిలబడదు.

అందుకే కాగితంలో ఒక వాక్యం ఎక్కువ రాయించండి. ప్రతి శనివారం హాజరీ పట్టీ మీద కూలీలందరికీ డబ్బు ముట్టినట్టు సంతకమో వేలిముద్రో పడ్డాకే తర్వాతి దశ బిల్లు. మంచి ఠేకేదార్ దీనికి ఒప్పుకుంటాడు, ఎందుకంటే అతను ఎలాగూ ఇస్తాడు. ఒప్పుకోనివాడు ఎలాంటివాడో పునాది తీయకముందే తెలిసిపోతుంది. ఠేకేదార్‌ని పరఖాయించడానికి ఇంతకన్నా మంచి తరాజు నాకైతే కనిపించలేదు.

దుకాణంలో బర్కత్ కావాలని షటర్ ఎత్తే రోజు మనం ఫాతిహా ఇప్పిస్తాం, మిఠాయి పంచుతాం. ఆ రోజుకి ఆ గోడ కట్టిన చేతుల్లో ఒక్కదానికీ మన బాకీ మిగలకూడదు. ఆ రోజు ఆ మేస్త్రీని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి.